తక్‌పట్టీ రెండో కాపీలో కిలోలు ఎందుకు తగ్గాయి: ఒక కర్నూలు మండీ జావా ప్రోగ్రామ్‌ను ప్యాకేజీలుగా విడదీసిన కేస్ స్టడీ

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి, వేరుశనగ వ్యాపారం చేసే ఒక కమీషన్ మండీ ఉంది. వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రామ్ జావాలో రాసింది, తెరలన్నీ స్వింగ్‌లో (కిటికీలు, బటన్లు గీసే జావా లైబ్రరీ) కట్టినవి. ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టిన కోడ్ అది. వందకు పైగా క్లాసులు (ఒక్కో పనికి రాసిన కోడ్ ముక్కలు) ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఏ ఫైల్ తెరిచినా, ఆ క్లాస్ ఏ గుంపుదో చెప్పే ప్యాకేజీ వరస పైన కనిపించదు.

వాళ్లు నన్ను పిలిచింది ఫోల్డర్ సర్దడానికి కాదు. రైతు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క రాసి మండీ ఇచ్చే చీటీ) పోగొట్టుకుని రెండో కాపీ అడిగితే, మొదటి కాపీ కంటే బరువు తక్కువ వస్తోంది. 40 సంచుల ఉల్లి, కాటా మీద 2,000 కిలోలు, సంచికి అర కిలో మినహాయింపు అనుకుందాం. మొదటి తక్‌పట్టీలో నికర బరువు 1,980 అని సరిగ్గానే పడుతుంది. రెండోసారి ప్రింట్ తీస్తే 1,960. మూడోసారి 1,940. ఖాతా పుస్తకంలో మాత్రం ఒక్కోసారి 2,000, ఒక్కోసారి 1,980, ఒక్కోసారి ఇంకేదో.

"రైతు నా మొగం మీదనే దొంగ లెక్క అంటున్నాడు సార్. కంప్యూటర్ చేసే పనికి నేను మాట పడాల్నా?" అన్నాడు మండీ యజమాని. ఆయన బాధ నిజమైనదే. తక్‌పట్టీ అనేది రైతు చేతిలో ఉండే ఏకైక రుజువు. అందులో అంకె మారితే ప్రోగ్రామ్‌లో తప్పుందని ఎవరూ అనుకోరు, మనిషినే అనుమానిస్తారు.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాలేదు. తూకం క్లాస్‌లో 'బరువు' అనే ఫీల్డ్ (విలువ దాచుకునే చోటు) ఒకటే ఉంది. మొదట అందులో స్థూల బరువు (సంచులతో సహా) ఉంటుంది. తక్‌పట్టీ ప్రింట్ చేసే క్లాస్ ఆ ఫీల్డ్‌లోంచి సంచుల బరువు తీసేసి, వచ్చిన అంకెను మళ్లీ అదే ఫీల్డ్‌లో పెడుతోంది. ప్రింట్ నొక్కిన ప్రతిసారీ సంచుల బరువు ఇంకోసారి పోతుంది. ఖాతాలో ఏ అంకె పడుతుందన్నది, గుమాస్తా ఖాతా బటన్ ప్రింట్‌కు ముందు నొక్కాడా, తర్వాత నొక్కాడా అనే దాని మీద ఆధారపడి ఉంది.

ప్రింట్ క్లాస్‌లో ఒక్క వరస మార్చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ 'బరువు' అని వెతికితే ఆ ఫీల్డ్‌ను తాకిన చోట్లు చాలా తేలాయి. కొన్ని చదువుతున్నాయి, కొన్ని మారుస్తున్నాయి. కొన్ని చోట్ల 'బరువు' అనే పేరు వేరే క్లాస్‌ది. ఇలా వెతుకుతూ పోతే అన్నీ దొరికాయన్న నమ్మకం ఎప్పటికీ రాదు. ఆ నమ్మకం కంపైలర్ (రాసిన కోడ్‌ను సరిచూసి, నడిచే రూపంలోకి మార్చే పనిముట్టు) ఇవ్వాలి. అందుకే ప్యాకేజీల పని ఎత్తుకున్నాను.

జావాలో ఒక ఫీల్డ్ ముందు పబ్లిక్, ప్రైవేట్, ప్రొటెక్టెడ్ అనే మూడింటిలో ఏదీ రాయకపోతే, అది అదే ప్యాకేజీలోని క్లాసులన్నిటికీ అందుతుంది, బయటివాటికి అందదు. ఈ ప్రోగ్రామ్‌లో ఫీల్డ్‌లు చాలావరకు అలాగే ఏ మాటా లేకుండా ఉన్నాయి. రాసినవాళ్లు వాటిని మరీ బాహాటంగా వదలలేదు, పబ్లిక్ అని రాయలేదు కదా. కానీ ప్రోగ్రామ్ మొత్తం పేరులేని ఒకే ప్యాకేజీలో ఉంటే 'అదే ప్యాకేజీ' అన్న మాటకు 'అందరూ' అనే అర్థం. ఇల్లంతా ఒకే గది అయినప్పుడు ఏ సామాను ఎవరికి అందుతుందన్న ప్రశ్నే రాదు. మన అనంతపురం, కడప, కర్నూలు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు 'ప్యాకేజీ అంటే సంబంధం ఉన్న క్లాసుల గుంపు' అని పరీక్షలో రాస్తారు. అందులో తప్పేం లేదు గానీ, అది సగం జవాబే. గుంపు చేయడం వల్ల లోపలివి, బయటివి అనే తేడా పుడుతుంది. అసలు ఉపయోగం ఆ తేడాలోనే ఉంది.

ఇక ఎలా విడదీయాలి అన్నది. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి మోడల్ (డేటా), వ్యూ (తెర), కంట్రోలర్ (రెంటినీ నడిపేది) అని మూడు ప్యాకేజీలు పెట్టడం. ఈ కేసులో అది పనికిరాదని నా అభిప్రాయం. అలా చేస్తే తూకం, రైతు, ఖాతా, కొనుగోలుదారు అన్నీ కలిసి మోడల్‌లోకి చేరతాయి. వాటిని వాడే క్లాసులు వేరే ప్యాకేజీల్లోకి పోతాయి. అవి పని చేయాలంటే మోడల్‌లో ఉన్నదాన్నంతా పబ్లిక్ చేయక తప్పదు. గోడ కట్టి, గోడంతా తలుపులు పెట్టినట్టే అవుతుంది.

అందుకని యార్డులో పని ఎలా నడుస్తుందో అలాగే విడదీశాను: మండీ.రైతు, మండీ.వేలం, మండీ.కాటా, మండీ.తక్‌పట్టీ, మండీ.ఖాతా. కంటికి కనిపించే కిటికీలు, బటన్లు మండీ.తెరలో. పేర్లు టైప్ చేసింది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే, జావాలో అది ఆచారం. ఇంకో ఆచారం కూడా ఉంది: సంస్థ ఇంటర్నెట్ చిరునామాను తిరగేసి ప్యాకేజీ పేరుకు ముందు తగిలించాలి. ఇతరులు వాడుకునే లైబ్రరీ రాసేవాళ్లకు అది చాలా అవసరం, లేకపోతే పేర్లు గుద్దుకోవచ్చు. ఈ మండీకి వెబ్‌సైటే లేదు, ఈ కోడ్ ఆ దుకాణం దాటి పోదు. వాళ్లకు 'మండీ' అన్న పేరు చాలు.

పేర్లలో చుక్కలు చూసి చాలామంది ఒక పొరపాటు ఊహ చేస్తారు. మండీ.కాటా.పరికరం అనే ప్యాకేజీ మండీ.కాటాకు లోపలిదనీ, దానికి ప్రత్యేక హక్కులేవో ఉంటాయనీ అనుకుంటారు. ఫోల్డర్ల వరకే ఆ సంబంధం. కంపైలర్ దృష్టిలో అవి రెండూ ఏ చుట్టరికమూ లేని వేర్వేరు ప్యాకేజీలు. మండీ.కాటా.* అని ఇంపోర్ట్ చేస్తే (అందులోని క్లాసులన్నిటినీ పొట్టి పేర్లతో తెచ్చుకుంటే) పరికరం ప్యాకేజీలోని క్లాసులు రావు. ఎలక్ట్రానిక్ కాటా నుంచి అంకె చదివే క్లాసులను విడిగా పెట్టాలని మొదట అనిపించినా, తూకం క్లాస్‌లో రాసే హక్కు వాటికి కావాలి కాబట్టి మండీ.కాటాలోనే ఉంచాను.

అసలు చిక్కు తరలింపులో వచ్చింది. పేరున్న ప్యాకేజీలోని క్లాస్, పేరులేని ప్యాకేజీలోని క్లాస్‌ను ఇంపోర్ట్ చేయలేదు. 1.4 వెర్షన్ నుంచి కంపైలర్ దీన్ని ఒప్పుకోవడం లేదు. అటునుంచి ఇటు మాత్రం చెల్లుతుంది: పేరులేనిది పేరున్నదాన్ని ఇంపోర్ట్ చేసుకోవచ్చు. కాబట్టి తక్‌పట్టీ క్లాస్‌తో మొదలుపెట్టి దాన్ని కొత్త ప్యాకేజీలోకి జరిపితే, అది వాడే రైతు, తూకం, ఖాతా అన్నీ ఒక్కసారిగా కనబడకుండా పోతాయి. దీనికి రెండు దారులు. ఎవరి మీదా ఆధారపడని క్లాసులను ముందు జరుపుతూ కిందినుంచి పైకి రావడం ఒకటి. అన్నిటినీ ఒకేసారి 'మండీ' అనే ఒక్క ప్యాకేజీలోకి ఎత్తి, అక్కడినుంచి విడదీయడం ఇంకోటి.

నేను రెండోది ఎంచుకున్నాను. ఈ కోడ్‌లో క్లాసులు ఒకదాన్నొకటి ఎంతగా అల్లుకున్నాయంటే, ఎవరి మీదా ఆధారపడనివి నాలుగైదుకు మించి లేవు. మొత్తం ఒకేసారి ఎత్తితే ఇంకో లాభం ఉంది. ఏ మాటా లేని ఫీల్డ్‌లు అప్పుడు కూడా అందరికీ అందుతూనే ఉంటాయి, కోడ్ ముందులాగే కంపైల్ అవుతుంది. ఆ స్థితిని గిట్‌లో (కోడ్ పాత రూపాలను దాచి ఉంచే పనిముట్టు) భద్రం చేసి, దుకాణంలో మామూలుగా వాడనిచ్చి, ఆ తర్వాతే విడదీయడం మొదలుపెట్టాను. సీజన్‌లో మండీ కంప్యూటర్ ఒక్క పూట ఆగినా టెన్షనే. రోజూ సాయంత్రానికి నడిచే ప్రోగ్రామ్ వాళ్ల చేతిలో ఉండాలన్నది నేను పెట్టుకున్న షరతు.

తూకం క్లాస్‌ను మండీ.కాటాలోకి జరపగానే కంపైలర్ ఎర్రర్లు వరదలా వచ్చాయి. అన్నిటి సారాంశం ఒకటే: ఈ ఫీల్డ్ పబ్లిక్ కాదు, ప్యాకేజీ బయటినుంచి అందదు. ఐడీఈ (కోడ్ రాసుకునే ఎడిటర్) ప్రతి ఎర్రర్ పక్కనా ఒక చిట్కా చూపిస్తుంది, 'దీన్ని పబ్లిక్ చెయ్యి' అని. ఈ పని చేసేవాళ్లందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే: ఆ చిట్కా నొక్కొద్దు. నొక్కితే ఎర్రర్లు నిమిషంలో మాయమవుతాయి, వాటితో పాటు మీరు పడ్డ శ్రమ కూడా. ఆ ఎర్రర్ల జాబితాయే మనం వెతుకుతున్న జాబితా. బరువును బయటినుంచి తాకుతున్న ప్రతి చోటూ ఫైల్ పేరు, వరస నంబరుతో సహా అందులో ఉంది.

ఒక్కొక్కటే తీసి చూశాను. ఎక్కువ చోట్ల అంకె చదువుకోవడమే అవసరం. వాటి కోసం స్థూల బరువు, నికర బరువు చెప్పే రెండు పబ్లిక్ మెథడ్‌లు (క్లాస్ చేసి పెట్టే పనులు) పెట్టాను. నికర బరువును ఎక్కడా దాచి ఉంచం, అడిగినప్పుడల్లా స్థూల బరువు నుంచి లెక్కకట్టి ఇస్తాం. మారుస్తున్న చోట్లు మూడు బయటపడ్డాయి. తక్‌పట్టీ ప్రింట్ మనకు తెలిసిందే. రెండోది ఖాతాలో 'సవరణ' తెర. గుమాస్తా కిలోలు దిద్దితే అది నేరుగా తూకంలోకి పోయి కూర్చుంటోంది, పాత అంకె ఆనవాలు మిగలడం లేదు. మూడోది ఎవరూ ఊహించనిది. నెలవారీ రిపోర్ట్ కిలోలను క్వింటాళ్లుగా మార్చి చూపించడానికి అదే ఫీల్డ్‌ను 100తో భాగించి, రిపోర్ట్ అయ్యాక మళ్లీ 100తో గుణిస్తోంది. రిపోర్ట్ మధ్యలో ఆగిపోతే ఆ తూకం క్వింటాళ్లలోనే ఉండిపోతుంది. వెతుకులాటతో ఇది నాకు దొరికేది కాదు.

దిద్దుబాటుకు మండీ.కాటాలోనే ఒక సవరణ క్లాస్ పెట్టాం. బయటివాళ్లు దాన్ని అడగాలి, కారణం ఇవ్వాలి, పాత అంకె కూడా నమోదవుతుంది. తూకంలో రాసే మెథడ్‌కు ఏ మాటా పెట్టలేదు, అది ప్యాకేజీ లోపలివాళ్లకే. దీనికి టెస్ట్ రాయడం కూడా సులువైంది. టెస్ట్ ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ఉన్నా, పైన అదే ప్యాకేజీ పేరు రాస్తే లోపలి మెథడ్‌లు అందుతాయి. ఒకే తూకానికి వరసగా తక్‌పట్టీలు తీయించి బరువు మారలేదని చూసే టెస్ట్ మొదట రాశాను.

ఇంతవరకూ కంపైలర్ తోడుంది. అది చెప్పలేనివి కొన్ని ఉన్నాయి, ఇలాంటి పనిలో ఎక్కువమంది దెబ్బతినేది వాటి దగ్గరే.

మొదటిది ఫాంట్. తక్‌పట్టీ తెలుగులో ప్రింట్ కావాలని తెలుగు ఫాంట్ ఫైల్‌ను క్లాసుల పక్కనే పెట్టి, ఉత్త పేరుతో తెప్పించుకుంటున్నారు. ఫైళ్లను తెచ్చిపెట్టే గెట్ రిసోర్స్ మెథడ్‌కు, ముందు గీత (/) లేని పేరు ఇస్తే, అది ఆ క్లాస్ ఉన్న ప్యాకేజీ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. క్లాస్ జరిగింది, ఫాంట్ పాత చోటే ఉంది. ఫాంట్ దొరక్కపోతే మామూలు ఫాంట్‌తో కానిచ్చేలా పాత కోడ్ ఉంది. కంపైల్ అయింది, నడిచింది, తక్‌పట్టీ మీద తెలుగుకు బదులు ఖాళీ డబ్బాలు పడ్డాయి. పేరు ముందు గీత పెట్టి, ఫాంట్‌లకు ఒక ఫోల్డర్ కేటాయించడంతో అది తీరింది.

రెండోది స్టార్టింగ్. డెస్క్‌టాప్ మీద ఉన్న షార్ట్‌కట్, ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ క్లాస్‌ను పాత పేరుతో పిలుస్తోంది. ఇప్పుడు పూర్తి పేరు కావాలి. జార్ ఫైల్ (క్లాసులన్నీ ఒకే మూటగా) కట్టి, దాని వివరాలుండే మ్యానిఫెస్ట్‌లో ఆ పేరు రాశాం.

మూడోది పాత డేటా. ఇది బాగా పెద్దది. ముగిసిన సీజన్ల తూకాలను జావా సీరియలైజేషన్‌తో (మెమరీలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఫైల్‌గా రాసే పద్ధతి) ఫైళ్లలో దాచారు. ఆ ఫైల్ లోపల క్లాస్ పూర్తి పేరు రాసి ఉంటుంది. ప్యాకేజీ మారితే పూర్తి పేరు మారుతుంది, పాత ఫైల్ తెరిస్తే ఆ పేరుతో క్లాస్ లేదంటుంది. చదివే స్ట్రీమ్‌లో రిజాల్వ్ క్లాస్ మెథడ్‌ను తిరగరాసి పాత పేరును కొత్త క్లాస్‌కు మళ్లించవచ్చు. దానికి సీరియల్ వెర్షన్ నంబర్ (క్లాస్ రూపాన్ని గుర్తుపట్టే అంకె) కూడా కలవాలి. అది ఎవరూ రాయకపోతే జావా తానే లెక్కకడుతుంది, ఆ లెక్కలో క్లాస్ పేరు, ఫీల్డ్‌లు, మెథడ్‌లు అన్నీ ఉంటాయి. కాబట్టి పాత క్లాస్ మీద సీరియల్‌వెర్ అనే పనిముట్టును నడిపి, వచ్చిన నంబరును కొత్త క్లాస్‌లో రాసుకోవాలి.

ఆ దారి నాకు నచ్చలేదు. పాత ఫైళ్లలో ఉన్న బరువు స్థూలమా నికరమా అన్నదే తెలియనప్పుడు, దాన్ని కొత్త క్లాస్‌లోకి నేరుగా దించడం ప్రమాదం. అందుకే ఒక్కసారి నడిపే మార్పిడి ప్రోగ్రామ్ రాశాను. దాన్ని కావాలనే పేరులేని ప్యాకేజీలో పెట్టాను, ఎందుకంటే పాత తూకం, కొత్త తూకం రెండూ కనిపించేది అక్కడినుంచే. పాతది ఉత్త పేరుతో, కొత్తది మండీ.కాటాతో మొదలయ్యే పూర్తి పేరుతో. ఇంపోర్ట్ వరస ఒక్కటీ లేదు. పాత క్లాస్ ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయకుండా ఉన్నవి ఉన్నట్టే వాడాను, ఆ దాగిన నంబరు మారకుండా. పాత తూకాలన్నీ డేటాబేస్‌లోకి 'పాత లెక్క' అన్న గుర్తుతో చేరాయి. తగాదా ఉన్నవాటిని యజమాని కాగితం కాటా చీటీలతో పోల్చి తేల్చుకున్నాడు.

ఇంపోర్ట్ గురించి విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది, స్టార్ (*) పెడితే ప్రోగ్రామ్ నెమ్మదిస్తుందా అని. నెమ్మదించదు. ఇంపోర్ట్ అనేది పూర్తి పేరు పదే పదే రాయకుండా పెట్టుకునే పొట్టి దారి. కంపైల్ అయిన ఫైల్‌లో అన్నీ పూర్తి పేర్లే ఉంటాయి, ఇంపోర్ట్ వరసల జాడ ఉండదు. అయినా నేను స్టార్‌ను తీసేయించాను. కారణం వేగం కాదు, రేపు వచ్చే పేర్లు. జావా మొదటి వెర్షన్ నుంచీ జావా.ఏడబ్ల్యూటీలో లిస్ట్ అనే క్లాస్ ఉంది. 1998లో వచ్చిన 1.2 వెర్షన్‌లో జావా.యుటిల్‌లోకి ఇంకో లిస్ట్ చేరింది. రెండు ప్యాకేజీలనూ స్టార్‌తో తెచ్చుకుని లిస్ట్ అని రాసినవాళ్ల కోడ్ ఆ రోజునుంచి కంపైల్ కాలేదు, వాళ్లు ఒక్క అక్షరం మార్చకపోయినా.

మాకూ అలాంటిదే ఎదురైంది. రైతు వివరాల క్లాస్‌కు పాతవాళ్లు రికార్డ్ అని పేరు పెట్టారు. ఈ పనిలోనే జావా 8 నుంచి 17కు మారాం. మధ్యలో జావా.లాంగ్‌లోకి రికార్డ్ అనే క్లాస్ వచ్చింది, జావా.లాంగ్ ప్రతి ఫైల్‌లోకీ అడక్కుండానే ఇంపోర్ట్ అవుతుంది. అన్ని క్లాసులూ ఒకే ప్యాకేజీలో ఉన్నంతకాలం సొంత రికార్డ్‌దే పైచేయి. విడదీశాక మండీ.రైతు.* అని తెచ్చుకున్న ఫైళ్లలో ఏ రికార్డో తేల్చుకోలేక కంపైలర్ ఆగిపోయింది. పూర్తి పేరుతో ఇంపోర్ట్ చేస్తే సరిపోతుంది, కానీ ఆ క్లాస్ పేరే 'రైతు వివరం' అని మార్చాం. చదివేవాళ్లకూ అదే మేలు.

హమాలీ కూలి రేటు సంగతి కూడా చెప్పాలి. రేటు పెరిగినప్పుడు కొన్ని బిల్లుల్లో కొత్తది, కొన్నిట్లో పాతది పడుతోందని గుమాస్తా చాలాకాలంగా మొత్తుకుంటున్నాడు. రేట్లన్నీ ఒక స్థిరాంకాల క్లాస్‌లో స్టాటిక్ ఫైనల్ (ఇక మారదు) అని రాసి, అన్నిచోట్లా స్టాటిక్ ఇంపోర్ట్‌తో వాడుతున్నారు. ఇలాంటి స్థిరాంకం విలువను కంపైలర్ వాడిన ప్రతి క్లాస్‌లోకీ కాపీ చేసేస్తుంది. రేటు మార్చినప్పుడు ఆ ఒక్క క్లాస్‌నే కంపైల్ చేసి ఫోల్డర్‌లో పడేశారు, మిగతావాటి కడుపులో పాత రేటు అలాగే ఉంది. మారే అంకె ఏదైనా కోడ్‌లో ఉండకూడదని రేట్లను డేటాబేస్‌లోకి మార్చాం. విడి క్లాస్ ఫైళ్లను మార్చే అలవాటు కూడా పోయింది, ఎప్పుడైనా మొత్తం జార్ కట్టి ఇవ్వడమే.

చివరగా చుట్టు తిరిగే ఇంపోర్ట్‌లు. తూకం ముగియగానే కాటా ఖాతాను పిలుస్తుంది, ఖాతా బరువు కోసం కాటాను పిలుస్తుంది. జావా దీన్ని తప్పనదు. కానీ రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటే ఒకటి మారినప్పుడల్లా రెండోది చూసుకోవాలి. కాటాలో 'తూకం ముగిసింది' అన్న కబురు అందుకునే ఒక ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్‌లు ఉండాలో మాత్రమే చెప్పే ఒప్పందం) పెట్టాను. ఖాతా దాన్ని అమలుచేస్తుంది, ఆ రెంటినీ కలిపే పని మెయిన్ చూసుకుంటుంది. ఇప్పుడు కాటా మండీలోని మరే ప్యాకేజీనీ ఇంపోర్ట్ చేయదు. ఇది కళ్లతో చూసి చెప్పే మాట కాదు. జావా 8 నుంచి జేడీకేతో (జావా పనిముట్ల పెట్టె) పాటే వస్తున్న జేడెప్స్ అనే పనిముట్టును జార్ మీద నడిపితే ఏ ప్యాకేజీ దేని మీద ఆధారపడిందో జాబితా ఇస్తుంది. కాటా, ఖాతాల్లో స్వింగ్ ఇంపోర్ట్ కనిపిస్తే ఆ కోడ్ వెనక్కి పోతుందని వాళ్లకు ఇప్పుడు కోడ్ చూసే కుర్రాడికి నియమం పెట్టాను.

జావా 9తో 2017లో వచ్చిన మాడ్యూల్స్ (ప్యాకేజీల గుంపుల చుట్టూ కట్టే ఇంకో గోడ) పెట్టమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఒక్క జార్‌గా నడిచే దుకాణం ప్రోగ్రామ్‌కు ప్యాకేజీల గోడలే సరిపోతాయని వద్దన్నాను. ప్రింటర్ కోసం వాడుతున్న పాత లైబ్రరీ కూడా దానికి సిద్ధంగా లేదు. నెలవారీ రిపోర్ట్‌లు ఇంకా 'మండీ' ప్యాకేజీలోనే ఉన్నాయి. అవి తెరనూ ఖాతానూ కలిపి కుట్టేసిన కోడ్. ఉల్లి సీజన్ రద్దీ తగ్గాక ముందు లెక్కలు ఒకవైపు, ముద్రణ ఒకవైపు వేరు చేసి, ఆ తర్వాతే జరుపుతాం.